పొలిమేర లోపలి పొరుగువాడు

ఇంగ్లండ్ పల్లెల్లో పారిష్ అంటే మొదట ఒక పొలిమేర. వాగు గట్టు నుంచి ముసలి ఓక్ చెట్టు దాకా, చెట్టు నుంచి మిట్ట మీది ఎల్లరాయి దాకా, రాయి నుంచి పక్క ఊరివాళ్ల పొలం గట్టు దాకా సాగే గీత అది. ఆ గీత లోపల పుట్టినవారికి జ్ఞానస్నానం ఇచ్చేదీ, పెళ్లి చేసేదీ, పోతే మట్టిలో పెట్టేదీ ఒకే చర్చి. లోపల పండిన పంటలో పదోవంతు చేరేదీ ఆ చర్చికే. మన తెలుగు కతోలికులు పారిష్‌ను 'విచారణ' అంటారు, అక్కడి ఫాదర్‌ను విచారణ గురువు అంటారు. మంచిచెడ్డలు విచారించడం ఆ మాటలోనే ఉంది. పారిష్ అనే మాటకు మూలమైన గ్రీకు 'పరోయికియా'లో ఇంకో సంగతి ఉంది. 'పరోయికోస్' అంటే పక్కన ఉండేవాడనీ, పరాయిచోట తలదాచుకున్నవాడనీ రెండర్థాలు. పొరుగువాడినీ పరదేశినీ ఒకే మాట చెప్పింది. వెయ్యేళ్ల ఇంగ్లిష్ పారిష్ పాలన ఈ రెండర్థాలనూ విడదీస్తూ నడిచింది.

ప్రశ్న పాతదే. లూకా సువార్తలో ఒక ధర్మశాస్త్ర పండితుడు యేసును నా పొరుగువాడెవడని అడుగుతాడు. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషినీ, చూసి తప్పుకుపోయిన యాజకుణ్నీ లేవీయుణ్నీ, ఆగి గాయాలు కట్టిన సమరయుణ్నీ చెప్పి, వీళ్లలో ఎవడు పొరుగువాడయ్యాడని యేసు తిరిగి అడుగుతాడు. పండితుడు అడిగింది హద్దు ఎక్కడని. యేసు చెప్పిన కథలో హద్దే లేదు. సమరయుడు వేరే జాతివాడు, వేరే గుడివాడు. అయితే ఊరి మీద బాధ్యత ఉన్నవాడికి ఈ కథ ఒక చిక్కు తెస్తుంది. దారిన పోయేవాడు ఒకణ్ని ఆదుకోగలడు. ఊరు మాత్రం ఎందరిని, ఎవరి సొమ్ముతో, ఏ లెక్కన ఆదుకోవాలి?

క్రైస్తవ చింతనలో ఈ చిక్కు తొలి శతాబ్దాల నుంచే ఉంది. మనిషి అందరికీ మేలు చేయలేడు కాబట్టి కాలం, చోటు, సందర్భం ఎవరిని దగ్గర చేస్తే వారిని చూసుకోవాలని అగస్టీన్ రాశాడు. దగ్గరుండటాన్ని ఆయన చీటీ వేసినట్లు వచ్చిన వంతుగా చూశాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ ప్రేమకు ఒక వరుస ఉందన్నాడు, దగ్గరివారు ముందు అన్నాడు. అదే నోటితో, ప్రాణం మీదికి వచ్చినవాడు ఎదుటివాడి సొత్తులోంచి తీసుకుంటే అది దొంగతనం కాదనీ అన్నాడు. మొదటి మాట పొలిమేర గీసుకోవడానికి అనుమతి ఇస్తుంది, రెండో మాట ఆ గీతను చెరిపేస్తుంది.

ఇంగ్లండులో పారిష్‌లను ఏర్పరచింది ఏడో శతాబ్దపు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థియొడోర్ అని చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి అవి ఒక్కరి చేతిమీదుగా పుట్టలేదు. మొదట పెద్ద ప్రాంతానికి మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి ఒకటి ఉండేది, అక్కడి గురువులు చుట్టుపక్కల తిరిగి వచ్చేవారు. పది నుంచి పన్నెండో శతాబ్దం మధ్య భూస్వాములు మేనర్లనే తమ తమ కమతాల్లో సొంత చర్చిలు కట్టించుకున్నారు. అందుకే చాలా పారిష్‌ల హద్దు ఒక దొరగారి భూమి హద్దే. దేవుడి ఇంటికి గీసిన గీత అంతకుముందే కమతానికి గీసి ఉంది. దశమభాగం ఇవ్వకపోతే శిక్ష తప్పదని పదో శతాబ్దంలో ఎడ్గార్ రాజు శాసనం చేయడంతో ఆ గీతకు డబ్బు విలువ వచ్చింది. ఏ పనకట్టు ఏ చర్చి కొట్టంలోకి పోవాలో తేల్చాలంటే హద్దు తేలాలి. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికొకసారైనా తన సొంత గురువు దగ్గరే పాపసంకీర్తనం చేయాలని నియమం పెట్టాక, మనిషి ఆత్మకు కూడా ఊరి చిరునామా ఏర్పడింది.

హద్దు కాగితం మీద కన్నా కాళ్లతోనే గుర్తుండేది. ప్రభువు మోక్షారోహణ పండుగకు ముందు మూడు రోజులు ఊరంతా సిలువ పట్టుకుని పొలిమేర చుట్టూ నడిచేది. పంటలకు దీవెన అడుగుతూ, ఎల్లరాళ్ల దగ్గర ఆగుతూ సాగేవారు. పిల్లల్ని ఎత్తి రాయికి తగిలించేవారు, ఆ దెబ్బతో ఆ చోటు ముసలితనం దాకా మరవకూడదని. ప్రొటెస్టంట్ సంస్కరణ వచ్చి ఊరేగింపులన్నీ రద్దయినా, 1559లో ఎలిజబెత్ రాణి ఆజ్ఞలు ఈ ఒక్క నడకను మిగిల్చాయి. పూజగా చూస్తే ప్రొటెస్టంట్లకు అది మూఢనమ్మకం. సర్వేగా మాత్రం అది లేకుండా జరగదు.

సంస్కరణకు ముందు పారిష్ లోపల బతుకు ఎలా ఉండేదో చూడాలంటే డెవన్‌లోని మోర్‌బాత్‌కు పోవాలి. ఎక్స్‌మూర్ దక్షిణపు అంచున, ముప్పైమూడు ఇళ్ల గొర్రెలకాపర్ల ఊరు. 1520 నుంచి 1574లో చనిపోయే దాకా అక్కడ ఒకే గురువు, సర్ క్రిస్టఫర్ ట్రిచే. ఆ కాలంలో సర్ అనేది గురువుకిచ్చే మర్యాద. పారిష్ లెక్కల్ని తానే రాసి, జనం ముందు చదివి వినిపించేవాడు. ఆ పుస్తకం నిలిచింది. చరిత్రకారుడు ఎమన్ డఫీ దాని ఆధారంగా 2001లో ఒక గ్రంథం రాశాక ఆ చిన్న ఊరి పేరు లోకానికి తెలిసింది.

మోర్‌బాత్‌లో చర్చి ఆస్తి ఒక గొర్రెలమంద. మరియమ్మకు కొన్ని, పునీత అంతోనికి కొన్ని, ఇలా ఒక్కో పునీతుడి పేర గొర్రెలు ఉండేవి. వాటిని ఇంటికొకటి చొప్పున పంచి మేపించేవారు. ఉన్ని అమ్మిన డబ్బుతో ఆ పునీతుడి ముందు దీపం వెలిగేది. ఒక్కో నిధికి ఏటేటా మారే వార్డెన్లు ఉండేవారు. పెళ్లికాని కుర్రాళ్లకు ఒక నిధి, ఆడపిల్లలకు ఒక నిధి. ముప్పైమూడు ఇళ్లలో ఏదో ఒక ఏడు ఏదో ఒక లెక్క అప్పగించని ఇల్లు లేదన్నంతగా పని పంచుకున్నారు. 1534 నవంబరులో ఒక దొంగ నిచ్చెన వేసుకుని చర్చిలోకి దూరి, చెకుముకితో నిప్పు చేసుకుని, పెట్టెలు పగలగొట్టి పూజాపాత్రనూ, ట్రిచే ఎంతో భక్తితో ప్రతిష్ఠించిన సిడ్‌వెల్ పునీతురాలి విగ్రహానికి ఉన్న వెండి పాదరక్షనూ ఎత్తుకుపోయాడు. ఊరి కుర్రాళ్లూ ఆడపిల్లలూ చందాలు వేసుకుని కొత్త పాత్ర కొన్నారు. ఎవరూ వారి మీద పన్ను వేయలేదు. అయినా ఇవ్వకుండా ఊళ్లో తలెత్తుకు తిరగడం అంత తేలికా? ఆ ఇవ్వడంలో ఇష్టమెంత, మొహమాటమెంత అన్నది లెక్కల పుస్తకం చెప్పదు. దానధర్మాలను చట్టం పాడుచేసిందని వాదించేవారు ఈ సంగతి ముందుగా తలచుకోవాలి. చట్టం రాకముందు కూడా ఊరి కన్ను ఉంది.

1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్‌లో జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసే రిజిస్టరు మొదలైంది. దాన్ని రెండు తాళాల పెట్టెలో పెట్టి, ఒక తాళంచెవి గురువు దగ్గర, ఒకటి వార్డెన్ల దగ్గర ఉంచాలన్నారు. 1547లో ఆరో ఎడ్వర్డ్ ఆజ్ఞలు మరో పెట్టె తెచ్చాయి, బీదల పెట్టె. విగ్రహాల ముందు దీపాలకూ యాత్రలకూ పోసే సొమ్మును ఇక అందులో వేయమన్నారు. కొయ్యబొమ్మకు పెట్టిన కొవ్వొత్తి కన్నా ఆకలిగొన్నవాడికి పెట్టిన రొట్టె దేవుడికి ప్రీతి అన్నది సంస్కర్తల మాట. ఆ మాటను కాదనడం కష్టం. కానీ మోర్‌బాత్‌లో ఆ దీపాలే ఊరిని ఊరుగా కట్టి ఉంచాయి. చనిపోయినవారికోసం చేసే పూజలో వేసుకునే నల్ల వస్త్రాలకని ట్రిచే ఇరవై ఏళ్లకు పైగా పైసా పైసా కూడబెట్టాడు. 1547లో అవి చేతికందాయి. అదే ఏడు కొత్త రాజు పాలన మొదలై, కొద్దికాలంలోనే ఆ పూజలే నిషేధమయ్యాయి. గొర్రెలు పోయాయి, నిధులు పోయాయి, వస్త్రాలూ అమ్ముడయ్యాయి. 1549లో కొత్త ప్రార్థన పుస్తకం మీద పడమటి జిల్లాలు తిరగబడ్డప్పుడు, ఈ ఊరు ఐదుగురు యువకుల్ని పారిష్ ఖర్చుతో ఎక్సెటర్ ముందున్న తిరుగుబాటుదారుల శిబిరానికి పంపిందని డఫీ తేల్చారు. బీదల పెట్టె గోడకు బిగించారు సరే, దాన్ని నింపే మనసును ఆజ్ఞ పుట్టించలేకపోయింది.

ఆ తర్వాత అర్ధశతాబ్దంలో జరిగింది వరసగా చూస్తే మనసుకు హత్తుకుంటుంది. 1552లో దానం వసూలు చేసేవారిని పెట్టారు. ఇవ్వనివాడికి గురువు నచ్చజెప్పాలి, వినకపోతే బిషప్పు చెప్పాలి. 1563 నాటికి బిషప్పు మాట కూడా విననివాణ్ని జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక న్యాయాధికారి ముందుకు పంపమన్నారు. 1572లో పన్ను వేశారు. 1597, 1601 చట్టాలతో ఆ పద్ధతి కుదురుకుంది. ప్రతి ఈస్టరుకూ చర్చి వార్డెన్లతో పాటు ఇద్దరి నుంచి నలుగురు గృహస్థులు ఓవర్సీర్లుగా నియమితులవుతారు. భూమి అనుభవించేవారి మీద బీదల పన్ను వేసి, ముసలివారికీ చేతకానివారికీ డబ్బిచ్చి, పనిచేయగలవారికి జనుము, ఉన్ని ఇచ్చి పని చూపి, దిక్కులేని పిల్లల్ని పనినేర్చుకోవడానికి పెట్టాలి. బుజ్జగింపు మందలింపైంది, మందలింపు సమన్ అయింది, సమన్ పన్ను అయింది. బాటల సంగతీ ఇంతే. 1555 చట్టంతో ఊరివాళ్లు ఏడాదికి నాలుగు రోజులు రోడ్డు పనికి వెట్టిగా రావాలి, 1563 నుంచి ఆరు రోజులు. ఆదివారం పూజ తర్వాత చర్చి వస్త్రాగారంలో కూర్చునే సభకు వెస్ట్రీ అని పేరొచ్చింది. గంట తాడు మార్చడమూ విధవరాలికి వారానికెంత ఇవ్వాలన్నదీ ఒకే బల్ల దగ్గర తేలేవి.

బలవంతంగా తీసుకున్నది దానమవుతుందా? పన్ను కట్టేవాడికి పుణ్యం రాదని కొందరన్నారు. స్కాట్లండులో థామస్ చామర్స్ అనే గురువు 1819 నుంచి నాలుగేళ్లు గ్లాస్గోలోని తన సెయింట్ జాన్స్ పారిష్‌లో బీదల పన్ను తీసుకోకుండా, చర్చి గుమ్మం దగ్గర పడే కానుకలతోనే నడిపి చూపాడు. జనాభా సిద్ధాంతంతో పేరుపడ్డ మాల్థస్ కూడా సర్రేలోని ఓక్‌వుడ్‌లో పనిచేసిన చర్చి గురువే. బీదల చట్టాన్ని మెల్లగా ఎత్తేయాలన్నాడు. వీరి వాదంలో కళ్లన్నీ ఇచ్చేవాడి ఆత్మ మీదే ఉన్నాయి. తీసుకునేవాడి వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. ఎవరి దయ కోసమూ ఎదురుచూడకుండా శనివారం చేతికొచ్చే రెండు షిల్లింగులు ఒక ముసలమ్మకు హక్కు. అక్వినాస్ చెప్పిన రెండో మాటకు ఇంగ్లండు చట్టంలో దొరికిన అతి దగ్గరి రూపం ఇదే. పుణ్యం తగ్గిందేమో కానీ రొట్టె తప్పలేదు.

అసలు దెబ్బ మరోచోట తగిలింది. పన్ను ఊరిది కాబట్టి బీదవాడూ ఊరివాడే కావాలి. 1662 సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం, కొత్తగా వచ్చి ఏడాదికి పది పౌండ్లకన్నా తక్కువ విలువ చేసే ఇంట్లో ఉన్నవాడు, ముందుముందు ఊరికి భారం కావచ్చని తోస్తే చాలు, నలభై రోజుల్లోపు ఓవర్సీర్లు ఫిర్యాదు చేసి ఇద్దరు జస్టిస్‌ల ఆర్డరుతో వెనక్కి పంపేయవచ్చు. ఏడాది పూర్తిగా కొలువుంటే ఆ ఊరి హక్కు వస్తుంది కాబట్టి యాభైఒక్క వారాలకే కుదుర్చుకునే రైతులు తయారయ్యారు. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డ పుట్టినచోటిదే అవుతుంది కనుక, నెలలు నిండిన ఆడవాళ్లను బండెక్కించి ఎల్లరాయి దాటించిన ఘటనలు ఓవర్సీర్ల లెక్కల్లో ఖర్చుగా కనిపిస్తాయి. పరోయికోస్ మాటలోని రెండర్థాలు ఇక్కడ పూర్తిగా విడిపోయాయి. 1697 చట్టం ప్రకారం ఊరి సాయం తీసుకునేవారు, వారి భార్యాబిడ్డలతో సహా, పైబట్ట కుడి భుజం మీద ఎర్రగుడ్డతోనో నీలిగుడ్డతోనో 'పీ' అక్షరమూ, పారిష్ పేరులో మొదటి అక్షరమూ కుట్టుకోవాలి. 1810 దాకా ఆ నియమం చట్టంలో ఉంది.

పెళ్లి అనే పవిత్ర సంస్కారాన్ని కూడా పన్ను లెక్క వంచింది. నార్‌ఫోక్‌లో జేమ్స్ వుడ్‌ఫోర్డ్ అనే గురువు డైరీ రాసేవాడు. 1787 జనవరిలో పక్క ఊరు రింగ్‌లండ్‌కు వెళ్లి ఒక జంటకు పెళ్లి చేశాడు. అమ్మాయి కడుపుతో ఉంది. అబ్బాయిని అదుపులోకి తీసుకుని చర్చికి తెచ్చారు. స్మశానం ఆవరణలో చాలాసేపు మొరాయించాడు, పీఠం ముందు కూడా సరిగా ప్రవర్తించలేదు. చట్టం బలవంతాన ఎవరికైనా పెళ్లి చేయడం క్రూరమని వుడ్‌ఫోర్డ్ ఆ రాత్రి రాసుకున్నాడు. అయినా పెళ్లి చేసింది ఆయనే. బిడ్డకు తండ్రి పేరు లేకపోతే పోషణ పారిష్ మీద పడుతుంది. ఆత్మల విచారణకూ పద్దుల విచారణకూ మధ్య చిక్కిన మనిషిని ఇంత దగ్గరగా చూపే పేజీలు అరుదు.

పొలిమేరకు మరో ముఖం డర్బీషైర్‌లోని ఈమ్ గ్రామంలో కనిపిస్తుంది. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి వచ్చిన గుడ్డలతో ఊళ్లోకి ప్లేగు దిగిందని అంటారు. మరుసటి వేసవిలో ఊరి చర్చి గురువు (రెక్టర్) విలియం మాంపెసన్ జనాన్ని ఊరు దాటవద్దని ఒప్పించాడు. ఆయనకు తోడు నిలిచింది థామస్ స్టాన్లీ, కొత్త ప్రార్థన నియమాలకు లొంగనందుకు ఆ పారిష్ నుంచే తొలగించబడ్డ పాత గురువు. చర్చి మూసి, కక్లెట్ లోయలో బయటే ఎడం ఎడంగా నిలబడి ప్రార్థించారు. ఎల్లరాతికి తొలిచిన గుంటల్లో వినిగర్ పోసి అందులో నాణేలు వేస్తే, పక్క ఊళ్లవారు సరుకులు పెట్టి వెళ్లేవారు. డెవన్‌షైర్ ఎర్ల్ కూడా తిండి పంపాడు. మాంపెసన్ భార్య క్యాథరిన్ 1666 ఆగస్టులో పోయింది. ఆ శీతాకాలానికి రోగం తగ్గేసరికి సంప్రదాయంగా చెప్పే లెక్క ప్రకారం 260 మంది చనిపోయారు. కథకు తర్వాతివారు కొంత మెరుగు పెట్టారని చరిత్రకారుల మాట. ఉన్నవాళ్లు కొందరు ముందే పిల్లల్ని బయటికి పంపారు, లేనివాళ్లకు పోయే చోటు లేదు. అదంతా తీసేసినా మిగిలేది చిన్నదేం కాదు. ఇతర ఊళ్లు బయటివాణ్ని రానీయకుండా కాపాడుకున్న గీతను, ఈ ఊరు బయటివాడిని కాపాడటానికి వాడింది. పొరుగువాడెవడన్న ప్రశ్నకు సమరయుడి కథ చెప్పే జవాబుకు పారిష్ చరిత్రలో ఇంతకన్నా దగ్గరగా వచ్చిన ఊరు కనిపించదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర ధరలు మండిపోతుంటే 1795 మే 6న బర్క్‌షైర్ జస్టిస్‌లు స్పీనమ్‌లండ్‌లోని పెలికన్ సత్రంలో కూర్చుని, రొట్టె ధరకు జతకట్టి సాయం లెక్క వేశారు. గాలన్ రొట్టె షిల్లింగు ఉంటే మనిషికి వారానికి మూడు షిల్లింగులు, భార్యకూ ప్రతి బిడ్డకూ ఒకటిన్నర. కూలి తక్కువైతే తేడా పారిష్ ఇస్తుంది. కూలి పెంచకుండా ఊరి సొమ్ముతో సరిపెట్టే రైతులకు ఇది కలిసొచ్చిందనే విమర్శ వెంటాడింది. 1834 బీదల చట్టం పారిష్‌లను యూనియన్లుగా కట్టింది. దాదాపు పదిహేను వేల పారిష్‌లకు సుమారు ఆరువందల యూనియన్లు, వాటికి బోర్డులు, బీదల్ని ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లు. పక్కింటి ముసలమ్మ సంగతి మైళ్ల అవతల తెలియని మనుషుల చేతికి పోయింది. వెస్ట్రీ బల్ల దగ్గర ఆమెను అవమానించినవారికి కూడా ఆమె పేరు తెలుసు, ఆమె మొగుడు ఏ పొలంలో పనిచేసేవాడో తెలుసు. వర్క్‌హౌస్‌లో తెలిసింది నియమాలే.

మిగిలిన ముడులు ఒకటొకటే వీడాయి. 1836లో దశమభాగం ధాన్యం నుంచి డబ్బుకు మారింది, 1936లో ఆ డబ్బు కూడా రద్దయింది. 1868లో చర్చి మరమ్మతుకు వేసే నిర్బంధ పన్ను పోయింది. చర్చికి రాని బాప్టిస్టు, క్వేకర్ ఇళ్లవారు ఏళ్ల తరబడి కట్టనని పట్టుబట్టి సాధించుకున్నది అది. 1894 స్థానిక ప్రభుత్వ చట్టం వెస్ట్రీ నుంచి లౌకిక పనులన్నీ తీసి, మూడువందలు, ఆపైన జనం ఉన్న ప్రతి గ్రామీణ పారిష్‌లో ఎన్నికైన కౌన్సిల్ పెట్టింది. ఆడవాళ్లు ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు. ఒకే పేరుతో రెండు పారిష్‌లు ఏర్పడ్డాయి, ఒకటి చర్చిది, ఒకటి ఊరిది. 1921లో చర్చికి తన సొంత పారిష్ చర్చి కౌన్సిల్ వచ్చింది. కాలక్రమంలో రెండింటి పొలిమేరలు కూడా చాలాచోట్ల వేరయ్యాయి.

అయినా పాత గీత పూర్తిగా చెరిగిపోలేదు. ఆంగ్లికన్ పారిష్‌లో నివసించే మనిషి, చర్చి గడప ఎన్నడూ తొక్కకపోయినా, అక్కడ పెళ్లి చేసుకునే హక్కు ఉన్నవాడే. చర్చి స్మశానం ఇంకా తెరిచి ఉంటే అక్కడ మట్టి పొందే హక్కూ ఉంది. హక్కుకు ఆధారం విశ్వాసం కాదు, నివాసం. స్మశానం నిండిపోయాక రాజాజ్ఞతో దాన్ని మూసేస్తారు. మూసిన తర్వాత దాని బాగోగులు పారిష్ కౌన్సిల్‌కు అప్పగిస్తూ చర్చి నోటీసు ఇవ్వవచ్చని 1972 స్థానిక ప్రభుత్వ చట్టం చెబుతోంది. నేల చర్చిదే, గోడ మరమ్మతు చేయించేదీ గడ్డి కోయించేదీ ఊరి కౌన్సిల్.